ద్వారబంధం అయింది మేడం

"అయిపోయినట్టే మేడం."

కోటేశ్వర్ ఫోన్లో ఈ మాట అన్నాడంటే ఆ పనికి ఇంకా కొబ్బరికాయ కూడా కొట్టలేదని అర్థం. ఆ సంగతి బోధపడేసరికి సుజనకు తలనొప్పి మాత్రలు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకునే అలవాటు వచ్చేసింది.

ఆత్మకూరు బస్టాండు వెనక సందులో ఉన్న పాల కంపెనీ ఆఫీసులో సుజన ఉద్యోగం. మొన్నమొన్నటిదాకా ఏ ఊరి నుంచి ఎన్ని పాలు వచ్చాయో కంప్యూటర్లో ఎక్కించే పని. డిగ్రీ రెండో ఏడులో అమ్మకు జబ్బు చేస్తే చదువు ఆగిపోయింది. "మళ్లీ పరీక్షలు కడతావా?" అని ఎవరడిగినా "కట్టకుండా ఎక్కడికి పోతాను" అనేది. పుస్తకాలు మాత్రం అటక మీదే ఉన్నాయి.

అలాంటి సుజనను పిలిచి, కంపెనీ ఓనరు రామనారాయణ ఒకరోజు పెద్ద పని నెత్తిన పెట్టాడు.

"ఉదయగిరి పక్క పాలు ఇక్కడికొచ్చేసరికి విరిగిపోతా ఉండాయమ్మా. అక్కడే ఒక కూలింగ్ సెంటర్ కడతా ఉండాం. పాలు పోసిన వెంటనే ట్యాంకులో చల్లబడాల. ఆ ప్రాజెక్టు నువ్వు చూడు."

"నేనా సార్? నాకు డిగ్రీ కూడా..."

"డిగ్రీ ఉన్నోళ్లు ఇద్దరు చూసి పోయినారు. ఇంక నువ్వు చూడు."

నెల్లూరులో ఒక పూట ట్రైనింగుకు కూడా పంపించాడు. అక్కడ ఒకాయన బోర్డు మీద గీతలు గీసి చెప్పిందంతా విని, ఇంతేనా అనుకుంది సుజన. ఏం చేయాలో ముందు రాసుకోవాలి. ఏ పని అయ్యాక ఏ పని మొదలెట్టాలో చూసుకోవాలి. ఎవరి పని ఎవరిదో చెప్పాలి. ఎక్కడ చెడుతుందో ముందే భయపడాలి. పదిమందికి వంట చేసే ఆడదెవరైనా రోజూ చేసేది అదే కదా! ముందే భయపడటంలో అయితే ఆమెకు ట్రైనింగే అక్కర్లేదు.

కాకపోతే వంటింట్లో కోటేశ్వర్ ఉండడు.

ఉదయగిరిలో సైటు చూసుకునేవాడు కోటేశ్వర్. కంపెనీలో చేరి ఏడాది. ఆ సైటు కూడా వాళ్ల అవ్వ దేవకమ్మదే, కంపెనీకి బాడుగకిచ్చింది. ఫోన్లో గొంతు బాగానే ఉండేది. చెప్పే మాటే ఒళ్లు మండించేది.

"పునాది ఎంతవరకు వచ్చింది?"

"అయిపోయినట్టే మేడం."

ఈ జవాబు వరసగా నాలుగైదు రోజులు విన్నాక, ఒక ఉదయం సుజన ఎవరికీ చెప్పకుండా ఉదయగిరి బస్సెక్కింది.

* * *

దిగేసరికి తుంపర. దుర్గం కొండ సగం మబ్బులో ఉంది. సైటులో ఒక ఇసక కుప్ప, దాని మీద తీరిగ్గా పడుకున్న మేకపోతు, పక్కన టార్పాలిన్ పట్టా కింద టీ తాగుతున్న మేస్త్రి, మేస్త్రికి ఏదో కథ చెబుతున్న ఒక కుర్రాడు. పొడుగ్గా ఉన్నాడు. నవ్వితే ఒక చెంపే సొట్టపడుతోంది. అంతకుమించి అక్కడ ఏమీ లేదు.

"కోటేశ్వర్ అంటే ఎవరండీ?"

"నేనే. మీరెవురు?"

"నిన్న ఫోన్లో పునాది అయిపోయినట్టే అన్న మనిషిని ఒకసారి చూసి పోదామని వచ్చాను."

కుర్రాడు లేచి నిలబడ్డాడు. చేతిలో టీ ఒలికింది. "మేడమా! ఫోన్లో గొంతుకు మీరు పెద్దామె అనుకున్నా మేడం."

"పునాది ఎక్కడ?"

"ఇసక వచ్చేసింది కదా మేడం."

"ఇసక పునాదా?"

"ఇసకొస్తే పునాది అయిపోయినట్టే కదా. సిమెంటు రేపొస్తాది. హెన్రీ మేస్త్రి ఉండనే ఉండాడు. ఇంకేంది?"

ఇంకేంది అన్నట్టు మేకపోతు కూడా తల తిప్పి ఆమెనే చూసింది.

సుజన కళ్లు మూసుకుంది. చంటిపిల్ల నిద్రపోయిందని వంటింట్లోకి పోతే మంచం దిగి మంచినీళ్ల బిందెలో చేతులు పెట్టినట్టుంది ఈ మనిషి వ్యవహారం. కొట్టడానికీ లేదు, ఊరుకోవడానికీ లేదు.

"కోటేశ్వర్ గారూ, ఈ రోజు నుంచి మీరు నాకు చెప్పాల్సింది రెండే మాటలు. అయింది. కాలేదు. మూడో మాట లేదు."

"సగం అయితే?"

"కాలేదు."

"ముక్కాలు?"

"కాలేదు."

"ఒక్క గమేళా సిమెంటు వేస్తే అయిపోతాదనుకోండి..."

"కాలేదు!"

"రాతిగుండె మేడం మీది," అన్నాడు కోటేశ్వర్. హెన్రీ మేస్త్రి టీ గ్లాసులోకి నవ్వుకున్నాడు.

వాన పెద్దదైంది. ముగ్గురూ బస్టాండు దగ్గర టీ అంగట్లో దూరారు. సుజన బ్యాగులోంచి చార్టు తీసి బల్ల మీద పరిచింది. చున్నీతో తడి తుడుచుకుంటూ ఒక్కో గడి మీద వేలు పెట్టి చెప్పింది. పునాది. దాని మీద మూడు వైపులా గోడలు, పైన ఇనప దూలాలు, రేకులు. ముందు వైపు మాత్రం తెరిచి ఉంచాలి. ట్యాంకు పెద్దది, అది లోపలికి పోయాకే ముందు గోడ, ద్వారబంధం.

"అన్నం ఉడక్కముందే విస్తరి వేస్తామా? ఇదీ అంతే."

"మా అవ్వ వేస్తాది మేడం," అన్నాడు కోటేశ్వర్. "జనాన్ని కూర్చోబెట్టి విస్తర్లేస్తే వండేవోళ్లు గబగబా వండుతారంట."

"మీకు నేను చెప్పేది అర్థమవుతోందా?"

"బాగా అవతా ఉండాది మేడం."

అతను ఆమె వైపే చూస్తూ బుద్ధిగా తల ఊపాడు. ఇంత శ్రద్ధగా వినే మనిషి పని దగ్గర ఇలా ఎందుకున్నాడో అనుకుంది సుజన.

* * *

ఆ సాయంత్రమే దేవకమ్మ అరుగు మీద పాలు పోసే ఆడవాళ్లంతా కూర్చున్నారు. దేవకమ్మ గేదెల మనిషి, మాట కచ్చితం. సుజనను ఎగాదిగా చూసింది.

"పాలు ఎప్పుట్నించి తీసుకుంటారు పాపా?"

"మార్గశిరంలో రెండో సోమవారం నుంచి, అవ్వా."

"ఈ కేశవ ఉండాడే, పాలోడు. వాడు మమ్మల్ని నీళ్లు కలిపినారని రోజూ తిడతాడు. మీరు ఖాయంగా తీసుకుంటామంటే వాణ్ణి వద్దంటాం. ఒకసారి వద్దంటే వాడు కొండాపురం పక్కకు పోతాడు, మళ్లీ పిలిస్తే రాడు. ఆ రోజు పొద్దున పాలు పిండుకోని వస్తే మీ తలుపు తెరిచుండాల. మా పాలు నేలపాలు చెయ్యవు కదా?"

"చేయనవ్వా."

"కంపెనీ మాటొద్దు. నీ మాట చెప్పు."

అందరూ ఆమె నోటికేసే చూస్తున్నారు. చంకలో బిడ్డతో ఒకామె గోడకానుకుని నిలబడి ఉంది. ఆ బిడ్డ బువ్వ కూడా ఆ పాల మీదే నడుస్తోందని సుజనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"నా మాటే అవ్వా," అంది.

బస్సులో తిరిగొస్తూ చార్టు తీసి ఆఖరి గడి వంకే చూసింది. అనవసరంగా మాటిచ్చానేమో! మాటిచ్చింది తను, నిలబెట్టాల్సిందేమో ఆ 'అయిపోయినట్టే' మనిషి.

* * *

రోజూ పొద్దున ఆఫీసులో అడుగు పెట్టగానే ఫోను.

"పునాది?"

"అయింది మేడం."

"నిజంగా?"

"మా అవ్వ మీద ఒట్టు. మేకపోతు కూడా దిగిపోయింది."

పక్క సీటు రజిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది.

"గోడలు?"

"కాలేదు మేడం. కాలేదు కాలేదు కాలేదు. చూసినారా, ఎంత బాగా చెప్తా ఉండానో."

"కాలేదని ఇంత సంబరంగా చెబుతారా ఎవరైనా?"

"మీరే కదా నేర్పించినారు."

ఫోను పెట్టేసి సుజన చార్టు ముందు నిలబడి కాసేపు ఊరికే నవ్వేది. తర్వాత తను నవ్వుతున్నట్టు గుర్తొచ్చి మొహం గంటు పెట్టుకునేది. వారానికోసారి ఉదయగిరి పోయేది. పోయినప్పుడల్లా అతను గొడుగు పట్టుకుని బస్సు దగ్గర ఉండేవాడు. గొడుగు మొత్తం ఆమె మీద పట్టి తను తడుస్తూ నడిచేవాడు. "మీరు తడుస్తున్నారు" అంటే "కాలేదు మేడం, ఇంకా సగమే తడిసినా" అనేవాడు. అతని మీద కోపం తెచ్చుకుందామన్నా రెండు నిమిషాలు నిలిచేది కాదు. అదొక కొత్త విసుగు.

మొండికేసింది పైకప్పు ఒక్కటే.

"దూలాలు?"

"కాలేదు మేడం. వెల్డింగాయన బద్వేలు పోయినాడు."

"ఎప్పుడొస్తాడు?"

"అడిగినాను. వచ్చేసినట్టే అన్నాడు మేడం."

సుజన పెన్ను బల్ల మీద పడేసింది.

"ఇప్పుడు తెలిసిందా నా బాధ?" అంది సుజన.

"తెలిసింది మేడం," అన్నాడు అతను. మొదటిసారి గొంతులో నవ్వు లేదు.

ఆ వారమంతా దూలాల కోసం అతన్ని ఆమె తిట్టని పూట లేదు. ఒకరోజు ఆ తిట్ల మధ్యలోనే, ఆమెను కాస్త చల్లార్చడానికి అన్నట్టు, "ద్వారబంధం అయింది మేడం," అన్నాడు.

సుజన చార్టు చూసింది. ద్వారబంధం చాలా కింద, ఆఖరి గడుల్లో ఉంది. "అప్పుడే అయిందా! గుడ్," అంది. అన్నీ ఆలస్యమయ్యే ప్రాజెక్టులో ఒక్కటైనా ముందు జరిగింది. ఆకుపచ్చ పెన్నుతో పెద్ద టిక్కు పెట్టింది. రజితకు బజ్జీలు కూడా తెప్పించింది. ట్యాంకు పని మీద నెల్లూరు తిరగడంతో ఆ వారం ఉదయగిరి పోలేదు.

* * *

ట్యాంకు రావాల్సిన శనివారం. సోమవారం పొద్దున పాలు పోయాలి. నెల్లూరు నుంచి వచ్చిన లారీ ఎక్కి, డ్రైవరు పక్కన కూర్చుని వచ్చింది సుజన. వెనక పట్టా కింద స్టీలు ట్యాంకు, మంచం కన్నా వెడల్పు. వాన పడుతోంది గానీ ఆమెకు మనసు తేలిగ్గా ఉంది. నాయన తిరుపాలు పొద్దున్నే "ఈ ప్రాజెక్టు అయితే పెళ్లి సంబంధం చూస్తానమ్మా" అన్నాడు. "అలాగే నాయనా" అన్నాక ఎందుకో గొడుగు గుర్తొచ్చింది.

లారీ ఆగింది. సుజన దిగింది. ఎదురుగా చూసింది.

ముందు గోడ నిండుగా నిలబడి ఉంది. మధ్యలో చక్కటి చెక్క ద్వారబంధం. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పైన ఎండిపోయిన మామిడాకులు. ఆ వాకిట్లోంచి ఒక మనిషి పోవచ్చు. పాల క్యాను పోవచ్చు. ట్యాంకు మాత్రం ఏడు జన్మలెత్తినా పోదు.

"కోటేశ్వర్!"

గారు ఎక్కడో రాలిపోయింది. అతను గొడుగు తీసుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఏందిది?"

"ద్వారబంధం మేడం. చెప్పినాను కదా. అయింది అని."

"ట్యాంకు లోపలికి పోయాక కదా పెట్టాల్సింది! చార్టు పెట్టి, వేలు పెట్టి, టీ అంగట్లో చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదయ్యా! ముందు వైపు తెరిచి ఉంచమని!"

"శుక్ర మూఢం వచ్చేస్తా ఉండాదని అవ్వ పట్టుబట్టింది మేడం. మూఢంలో వాకిలి నిలబెట్టకూడదు. మూఢం పోయేదాకా అంటే మాఘమాసమే. అందుకని ఆఖరి ముహూర్తానికి నిలబెట్టించేసింది. ఉత్త ద్వారబంధం గాలివానకు పడిపోతాదని మేస్త్రి చుట్టూ గోడ కట్టేసినాడు."

సుజన హెన్రీ మేస్త్రి వైపు తిరిగింది. "మీరైనా చెప్పకూడదా?"

"నేను చర్చికి పోయేవాణ్ణమ్మా, నాకు మూఢమేంది, మంచిరోజేంది?" అన్నాడు హెన్రీ. "కానీ ఆ ముసలామె కర్ర పట్టుకోని నిలబడితే కాదనే మగాడు ఈ ఊళ్లో ఉండాడా?"

"పీకేయండి. ఆ ద్వారబంధం పీకి గోడ పగలగొట్టండి."

"ఎవురే పీకేది?"

దేవకమ్మ కర్ర తాటించుకుంటూ వచ్చేసింది. "నా స్థలంలో, నవధాన్యాలు పోసి నిలబెట్టిన గడప. మూఢంలో పీకితే ఇంటికి కీడు. నన్ను పీకి పక్కన పెట్టి, ఆ తర్వాత దాన్ని పీకు."

"అవ్వా, పీకకపోతే సోమవారం పాలెక్కడ పోస్తారు?"

"అది నువ్వు చూసుకోవాల. మాటిచ్చింది నువ్వు."

పక్క గోడో వెనక గోడో పగలగొడదామా అంటే, ఆ మూడు వైపులా గోడల వెనకే కొండరాయి. లారీ కాదు, మేకపోతు కూడా కష్టం మీద దూరుతుంది. అప్పుడే రామనారాయణ నుంచి ఫోను. "ట్యాంకు దిగిందామ్మా?"

నాలుక చివరిదాకా వచ్చిన మాట విని సుజనకే భయమేసింది. దిగినట్టే సార్ అనబోయింది.

"కాలేదు సార్. ఒక చిక్కొచ్చింది. మళ్లీ చేస్తాను," అని పెట్టేసింది.

గోడ పక్కన రాళ్ల మీద కూలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పొయ్యి మీద పాలు పెట్టి తలుపు గడేసుకుని బయటికొచ్చినదానిలా ఉంది ఆమె పని. లోపల పొంగుతూనే ఉంది, తనేమో బయట.

కోటేశ్వర్ వచ్చి గొడుగు పట్టాడు.

"తీసెయ్. ఆ గొడుగు తీసెయ్ ముందు. ఆ రోజు అంత బుద్ధిగా తల ఊపావే! ఏం విన్నావు నువ్వు?"

"ఏమీ విన్లేదు మేడం."

"ఏంటీ?"

"మీరు చున్నీతో తడి తుడుచుకుంటా చెప్తా ఉండారు. చెప్పేటప్పుడు చేతులు ఇట్లా ఇట్లా తిప్పుతారు. నేను అదే చూస్తా ఉండిపోయినా. చార్టులో ఏముండాదో ఈ రోజుక్కూడా నాకు తెలీదు." తల దించుకున్నాడు. "మీ మీద మనసు పడినాను మేడం. ఇది చెప్పే టైం కాదు, తెలుసు."

"ఇప్పుడా! ట్యాంకు రోడ్డు మీదుంది, పాలు ఎల్లుండి, ఇప్పుడా చెబుతావు!" సుజనకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి, రెండింటి మీదా కోపం వచ్చింది. "నీకు ఏ పని ముందో ఏ పని వెనకో ఈ జన్మలో తెలుస్తుందా?"

"తెలీదు మేడం."

ఆమెకు హఠాత్తుగా ఆకుపచ్చ టిక్కు గుర్తొచ్చింది. బజ్జీలు గుర్తొచ్చాయి. ఆఖర్న కావాల్సిన పని ముందే అయిందంటే, అదెందుకు ముందయిందని తను అడగలేదు. అయిందా కాలేదా అని మాత్రమే అడిగింది. అతను ఉన్నదే చెప్పాడు. పెరుగు తోడుకోకముందే వెన్న వచ్చిందని ఎవరైనా అంటే ఒకసారి కుండలోకి తొంగిచూడొద్దూ? మూఢం సంగతీ అంతే. ఉదయగిరిలో ఇల్లు కడుతూ మూఢం ఎప్పుడని అడగని మనిషి తనొక్కతే. చార్టులో దానికి గడే లేదు.

"తప్పు నాదీ ఉంది," అంది మెల్లగా. "సరే. అయిన పని మనకు దారి ఇవ్వదు. కాని పని ఏముంది? అది చెప్పు."

"రంగులు కాలేదు. బోర్డు కాలేదు." అతను గొంతు తగ్గించాడు. "పైకప్పు... తిట్టబాకండి... దూలాలు కూడా కాలేదు. ఆయన ఇంకా బద్వేల్లోనే ఉండాడు."

సుజన చివాలున లేచింది. గొడుగు అంచు నుదుటికి తగిలింది. ద్వారబంధం దగ్గరికి పోయి లోపలికి తొంగిచూసి, తల పైకెత్తింది. నాలుగు గోడల మధ్య ఆకాశం. సన్నగా వాన లోపలికి పడుతోంది.

వెనకే వచ్చి అతనూ పైకి చూశాడు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"హైడ్రా!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"మర్రిపాడు దగ్గర రోడ్డు పనిలో ఒకటి ఉండాది మేడం. బరువులెత్తే క్రేను బండి. ఆపరేటరు మా దోస్తే. నేను పోయి పట్టుకొస్తా."

"అవ్వా," సుజన దేవకమ్మ వైపు తిరిగింది. "మూఢంలో ట్యాంకు లోపలికి దించొచ్చా?"

దేవకమ్మ పైకి చూసింది, గడప చూసింది, కాసేపు లెక్కలేసుకుంది. "గడప దాటితే గృహప్రవేశం. పైనుంచి దిగితే వానే కదా. వానకు ముహూర్తమేంది, దించుకోండి."

* * *

ఆ మధ్యాహ్నమంతా సుజన చేతిలో ఫోను దిగలేదు.

"హైడ్రా?"

"కాలేదు. రోడ్డు పని ఇంజనీరు ఒప్పుకోలేదు. బతిమాలతా ఉండా."

కాసేపటికి మళ్లీ. "ఒప్పుకున్నాడు. రేపు ఆదివారం సెలవు కదా, పొద్దున్నే పంపిస్తానన్నాడు. ఒక్క మాట మేడం. డీజిల్ లేదు. అది కూడా చూస్తా ఉండా."

అడగని సంగతి కూడా చెప్పాడు! సుజన ఫోను వంక అలాగే చూస్తుండిపోయింది. రామనారాయణకు చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన కొంచెం తిట్టాడు, ఆ తర్వాత "రేపెట్లా దింపుతారో అది చెప్పు" అన్నాడు. చెప్పింది. ఆ రాత్రికి తన ఇంట్లోనే పడుకోమంది దేవకమ్మ. అన్నంలోకి గడ్డ పెరుగు వేసి, "మా వోడు మంచోడే, కుదురు లేదంతే" అంది, ఎవరూ అడక్కపోయినా.

ఆదివారం పొద్దున.

"ఎక్కడున్నారు?"

"నందవరం దాటినాం. ఇది గేదె నడక నడస్తా ఉండాది మేడం. వచ్చినట్టే అని మాత్రం అనను."

వాన తెరిపిచ్చింది. పచ్చటి హైడ్రా ఊళ్లోకి రావడం చూడటానికి ఉదయగిరిలో సగంమంది వచ్చారు. ముందు బైకు మీద కోటేశ్వర్, ఒళ్లంతా బురద. ట్యాంకుకు గొలుసులు కట్టారు. ఇనప చెయ్యి మెల్లగా పైకి లేచింది. కొండ పక్కన, మబ్బుల కింద, స్టీలు ట్యాంకు ఆకాశంలో ఊగింది.

"ఎడమకి... ఇంకొంచెం... ఆపు!" హెన్రీ మేస్త్రి గోడెక్కి అరుస్తున్నాడు. సుజన లోపల మూల నిలబడి గుర్తు గీసిన చోటు చూపిస్తోంది. గాలికి ట్యాంకు కొద్దిగా తిరిగింది. ఎవరో ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు లాగారు. ట్యాంకు నెమ్మదిగా నేల తాకేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

బయట ఈలలు. లోపల తను, కోటేశ్వర్ ఇద్దరే, మధ్యలో ఇంకా పాల వాసన అంటని కొత్త ట్యాంకు వాసన.

"ట్యాంకు?" అంది సుజన.

"అయింది మేడం."

"చెయ్యి?"

"కాలేదు," అన్నాడు వదలకుండా.

ఆమె కూడా లాక్కోలేదు. "నిన్న అన్నమాట వాన్లో అన్నావు. మళ్లీ చెప్పు."

"మిమ్మల్ని పెళ్లి చేసుకోవాలని ఉండాది. మా అవ్వకు చెప్పినాను."

"నాకంటే ముందా?"

"వరస తప్పిందా మేడం?"

"తప్పింది," అంది సుజన. "కానీ ఈసారి ఏమీ పీకక్కర్లేదులే."

ఆ సాయంత్రానికి పైన పట్టా కట్టారు. కరెంటాయన వచ్చి వైర్లు కలిపాడు. ట్యాంకులో నీళ్లు పోసి మిషను వేస్తే, కాసేపటికి ఆ నీళ్లలో వేలు పెట్టిన హెన్రీ మేస్త్రి "ప్రభువా!" అని వేలు ఊదుకున్నాడు.

సోమవారం తెల్లారి, దేవకమ్మ మొదటి క్యాను ఎత్తుకుని ఆ పసుపు గడప దాటింది. వెనకే వరసగా ఆడవాళ్లు. చంకలో బిడ్డ ఉన్నామె కూడా వచ్చింది. పాలు ట్యాంకులో పడే చప్పుడు వింటూ సుజన గోడకానుకుని నిలబడింది.

"ఏం పాపా," అంది దేవకమ్మ క్యాను వంచుతూ, వెనక్కి తిరక్కుండానే. "మా వోణ్ణి నీకియ్యాలనుకుంటా ఉండా. మూఢంలో తాంబూలాలు మార్చుకోకూడదు. మాట అడగడానికి మూఢం లేదు. నీకిష్టమేనా?"

పాలు పోసేవాళ్లంతా ఆగిపోయారు. సుజన చెంపలు వేడెక్కాయి.

"ఇష్టమే అవ్వా. కానీ మా నాయనతో ఆయనే వచ్చి మాట్లాడాలి. సొంతంగా."

"విన్నావా రా కోటిగా?"

"మాట్లాడేసినట్టే అవ్వా," అన్నాడు కోటేశ్వర్ గుమ్మంలోంచి. సుజన చూసిన చూపుకు వెంటనే దిద్దుకున్నాడు. "కాలేదు కాలేదు. పోతా. ఈ వారంలో పోతా."

"ఏ రోజు?"

"గురువారం మేడం!"

* * *

గురువారం ఆత్మకూరులో ఉదయం నుంచీ ముసురు. సుజన ఆఫీసులో కూర్చుందే గానీ, ఒకే ఊరి పాలు రెండుసార్లు ఎక్కించింది. మధ్యాహ్నం దాటింది. ఫోను లేదు. వాడు మళ్లీ ఏ మేకపోతుకో కథ చెబుతూ కూర్చుని ఉంటాడు! నాయన అసలే మాట పెళుసు మనిషి, సంతలో గొర్రె పళ్లు చూసినట్టు మనిషిని చూస్తాడు. ఒకవేళ కసిరి పంపించేశాడా? బస్సే ఎక్కలేదా? ట్రైనింగులో ఎక్కడ చెడుతుందో ముందే భయపడమన్నారు గానీ ఇంత భయం ఆ బోర్డు మీద పట్టదు.

ఆఖరికి తనే చేసింది.

"ఎక్కడున్నావు?"

"మీ ఇంట్లోనే."

"మా నాయనతో మాట్లాడావా?"

"అదీ... కాఫీ ఇచ్చినారు. గొర్రెల సంగతి మాట్లాడినాం. వానల సంగతి కూడా. అంటే దాదాపు..."

"కోటేశ్వర్! అయిందా, కాలేదా?"

రజిత కుర్చీ దగ్గరికి జరుపుకుంది. అప్పుడు ఫోన్లో కాస్త దూరం నుంచి తిరుపాలు గొంతు వినిపించింది, గట్టిగా, విసుగ్గా, నవ్వుతో.

"అయిందని చెప్పవయ్యా సామీ! లేకపోతే ఆ పిల్ల ఇప్పుడే బస్సెక్కి వచ్చేస్తాది. నాకు తెలుసు కదా దాని సంగతి."

"అయింది మేడం," అన్నాడు కోటేశ్వర్.

సుజన ఫోను చెవికి అలాగే పట్టుకుని చార్టు దగ్గరికి నడిచింది. ఆకుపచ్చ పెన్ను తీసింది. మళ్లీ ఏదో గుర్తొచ్చి చెయ్యి ఆపింది.

"మూఢం ఏ రోజు పోతుందో అడిగి చెప్పు ముందు," అంది.